డాక్టర్ బాబు ఒక్క మాట అడగొచ్చు కదా!



ఈ వారం వీడియోలో 'సాక్షి' అనే మాట గురించి మాట్లాడుకున్నాం. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులు ఉంటాయి కదా. ఒకటి పండు తింటూ ఉంటుంది. రెండోది ఏమీ తినకుండా ఊరికే చూస్తూ ఉంటుంది. తినేది జీవుడు, చూసేది సాక్షి. టైం సరిపోక వీడియో అక్కడితో ఆపేశాం.

నిజం చెప్పాలంటే ఆ వీడియో ఎడిట్ చేస్తున్నప్పుడు నాకు ఉపనిషత్తు కంటే ముందు మా ఇంట్లో టీవీ గుర్తొచ్చింది. నవ్వకండి. 'కార్తీక దీపం' గురించి మా ఇంట్లో జరిగిన ఒక గొడవ వల్ల నాకు ఆ రెండో పక్షి అర్థమైంది. వీడియోలో చెప్పలేకపోయిన ఆ కథే ఇది. కొంచెం నా సొంత గోల కూడా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

రాత్రి ఏడున్నర, ఒకే టీవీ

2020లో నేను వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఇబ్రహీంపట్నంలోనే ఉన్నాను. మాది రింగ్ సెంటర్ నుంచి కాస్త లోపలికి. డాబా ఎక్కితే థర్మల్ ప్లాంట్ పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ ఏడాది కరోనా వల్ల ఐపీఎల్ సెప్టెంబరులో మొదలైంది, దుబాయ్ వైపు ఆడారు. మ్యాచ్ మన టైం ప్రకారం రాత్రి ఏడున్నరకి. 'కార్తీక దీపం' కూడా ఏడున్నరకే. మా ఇంట్లో టీవీ ఒక్కటే.

ఇది మా ఒక్కరి బాధ కాదని తర్వాత తెలిసింది. సిరిసిల్ల నుంచి ఒక కుర్రాడు సీరియల్ టైం మార్చమని చానల్‌ని ట్విట్టర్‌లో బతిమాలుకుంటే అది వార్తల్లోకి కూడా ఎక్కింది. మా ఇంట్లో మాత్రం బతిమాలుకోడాలు పనిచెయ్యలేదు. రిమోట్ నానమ్మ చీర కుచ్చిళ్ళ కింద ఉండేది. నేను ఫోన్‌లో స్కోరు చూసుకుంటూ, వద్దన్నా చెవిన పడే సీరియల్ వింటూ కూర్చునేవాణ్ణి. రెండు వారాలు తిరిగేసరికి స్కోరు చూడటం మర్చిపోయి నేనే ముందు వాదన మొదలుపెట్టే స్థితికి వచ్చాను.

సీరియల్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. దీప నల్లగా ఉంటుందని చిన్నప్పటి నుంచీ మాటలు పడ్డ అమ్మాయి. డాక్టర్ కార్తీక్ ఆమెని ఇష్టపడి పెళ్ళి చేసుకుంటాడు. కార్తీక్ కావాలనుకునే మోనిత చెప్పిన అబద్ధం వల్ల అతను తనకి పిల్లలు పుట్టరని నమ్ముతాడు. అలాంటప్పుడు దీప గర్భవతి అవుతుంది. అనుమానంతో ఆమెని దూరం పెడతాడు. పుట్టింది కవలలు. శౌర్య తల్లి దగ్గర పెరుగుతుంది. హిమ తండ్రి దగ్గరే పెరుగుతుంది, కానీ తన కూతురే అని ఆయనకి తెలియదు. దీప వంటలు చేసి బతుకుతుంది, అందుకే వంటలక్క. మలయాళం 'కరుత్తముత్తు'కి ఇది తెలుగు రూపం. అక్కడా ఇక్కడా మొదట ఆ పాత్ర వేసింది ప్రేమి విశ్వనాథే. 2017 అక్టోబరు 16న మొదలై 2023 జనవరి 23 దాకా, 1500కి పైగా ఎపిసోడ్లు నడిచింది.

ఇన్ని ఎపిసోడ్లలో చాలా భాగం ఒకే ఒక్క ప్రశ్న మీద నిలబడింది. కార్తీక్‌కి నిజం ఎప్పుడు తెలుస్తుంది?

మా ఇంట్లో మూడు పార్టీలు

నా పార్టీ లాజిక్ పార్టీ. "ఆయన డాక్టరు. ఒక్క డీఎన్‌ఏ టెస్టు చేయిస్తే అయిపోయేదానికి ఇన్నేళ్ళు ఏడవడం ఏంటి? రాసినవాళ్ళకి బుర్ర లేదు" అనేవాణ్ణి. మీలో చాలామంది ఈ మాటే అని ఉంటారు. దాని మీద వచ్చిన మీమ్‌లకి లెక్కే లేదు.

అమ్మది దీప పార్టీ. "అనుమానించిన మనిషి గుమ్మం ముందుకి మళ్ళీ మళ్ళీ ఎందుకు పోవాలి? పిల్లని తను పెంచుకుంటోంది, తన కాళ్ళ మీద తను నిలబడింది. ఇంక వాడెందుకు?" అనేది. ఈ మాట అనేటప్పుడు అమ్మ గొంతు మామూలుగా ఉండేది కాదు. సీరియల్ పేరు పెట్టుకుని ఇంకెవరి గురించో మాట్లాడుతోందని అనిపించేది. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు అలాంటి ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళ పేరెత్తి మాట్లాడితే గొడవలవుతాయి. దీప పేరెత్తితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ఇది నేను చాలా ఆలస్యంగా గమనించాను. సీరియల్ గురించి వాదించుకునేవాళ్ళని మనం తేలిగ్గా నవ్వేస్తాం. కానీ భార్యని అనుమానించడం తప్పా కాదా, మోసపోయినవాడి తప్పు ఎంత, తల్లి మాట వినాలా పెళ్ళాం మాట వినాలా, ఇవన్నీ ధర్మ ప్రశ్నలే. ఒకప్పుడు పురాణ కాలక్షేపం అయ్యాక అరుగుల మీద కూర్చుని రాముడు సీతని అడవికి పంపడం న్యాయమేనా అని మాట్లాడుకునేవారు. 1963లో 'లవకుశ' వస్తే థియేటర్ బయట కూడా అదే మాట. ఒక్కసారి పక్కపక్కన పెట్టి చూడండి. నింద పడ్డ గర్భవతి, దూరం పెట్టిన భర్త, కవల పిల్లలు, చివరికి తల్లిదండ్రుల్ని ఎదురెదురుగా నిలబెట్టేది ఆ పిల్లలే. 'లవకుశ'కి బళ్ళు కట్టుకుని వెళ్ళిన మన ముత్తాతల ఇళ్ళల్లోనే తర్వాత వంటలక్క కోసం ఏడున్నరకి అన్నం కంచాలతో కూర్చునేవారు. ప్రశ్న మారలేదు.

మూడో పార్టీ నానమ్మది. ఆవిడ ఒక్కతే. "కార్తీక్ చెడ్డోడు కాదురా, మోసపోయాడు" అనేది. నాకు ఒళ్ళు మండేది. "మోసపోవడానికైనా ఒక హద్దు ఉంటుంది నానమ్మా. కళ్ళ ముందు కూతురు తిరుగుతుంటే తెలియదా?"

"నీకు తెలుసు కాబట్టి అట్టా అంటున్నావు. ఆయనకెట్టా తెలుస్తుంది? మోనిత చేసిందంతా నువ్వు చూశావు. ఆయన చూశాడా?"

పూర్తి లాగ్స్ ఉన్నవాడి కోపం

ఆ రోజు ఆ మాట నేను పట్టించుకోలేదు. తర్వాత ఆఫీసు పనిలో ఒకటి గుర్తొచ్చింది. ఏదైనా అప్లికేషన్ అర్ధరాత్రి పడిపోతే, పొద్దున మేం తీరిగ్గా లాగ్స్ అన్నీ తెరిచి చూస్తాం. ఏ నిమిషంలో ఏం జరిగిందో వరసగా కనిపిస్తుంది. అప్పుడు "ఇంత చిన్న విషయం రాత్రి డ్యూటీలో ఉన్నవాడికి తెలియలేదా" అనిపిస్తుంది. కానీ రాత్రి అతని స్క్రీన్ మీద ఉన్నది ఒక్క ఎర్రర్ లైను. మిగతావన్నీ మనం తెల్లారాక చేర్చుకున్నవి. అందుకే మంచి టీముల్లో ముందు ఒక నియమం పెట్టుకుంటారు. ఎవరి తప్పు అని అడగొద్దు, ఆ టైంకి అతనికి ఏం కనిపించింది అని అడగండి.

టీవీ ముందు కూర్చున్న మన దగ్గర పూర్తి లాగ్స్ ఉంటాయి. మోనిత తలుపేసుకుని ఏం చేసిందో చూస్తాం. దీప ఒంటరిగా ఏడ్చింది చూస్తాం. కార్తీక్ మనసులో అనుకున్న మాట కూడా ఎకోలో మనకి వినిపిస్తుంది. అంటే ఒక అరగంట పాటు మనం ఆ రెండో పక్షి. అందరి లోపలా ఏముందో తెలిసిన సాక్షి.

తేడా ఎక్కడుందంటే, ఉపనిషత్తులో ఆ పక్షి ఊరికే చూస్తుంది. మనం చూసి ఊరుకోం, తీర్పు చెప్తాం. చెప్పొచ్చు, తప్పేం లేదు, పూర్తిగా చూశాం కాబట్టి. అసలు చిక్కు టీవీ కట్టేశాక మొదలవుతుంది. ఇంట్లో, ఆఫీసులో, చుట్టాల్లో మనం సాక్షులం కాదు. అక్కడ మనం కూడా కార్తీక్ లాంటి పాత్రలమే. ఒక మాట వింటాం, ఒక ముఖం చూస్తాం, మధ్యలోది మనమే రాసేసుకుంటాం. తీర్పు మాత్రం అన్నీ చూసినవాడి ధీమాతోనే చెప్తాం. తెలిసింది ఒక ఎపిసోడ్, కోపం 1500 ఎపిసోడ్లది.

ఈ ముక్క నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. దానికి నేను కట్టిన మూల్యం ఇప్పుడు చెప్తా.

నానమ్మ అడిగిన ప్రశ్న

ఆ అక్టోబరులో ఒక రాత్రి నేను మళ్ళీ అదే పాట అందుకున్నాను. "డాక్టర్ బాబు ఒక్క మాట అడగొచ్చు కదా! దీపని కూర్చోబెట్టి, ఏం జరిగిందని ఒక్కసారి సూటిగా అడిగితే పోయేదేముంది?"

నానమ్మ టీవీ సౌండు తగ్గించింది. అది ఆవిడ ఎప్పుడూ చెయ్యని పని.

"ఆయన అడగలేదు సరే. నువ్వు మీ పెదనాన్నని ఒక్క మాట అడిగావా?"

నాకు మాట రాలేదు. అమ్మ కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

విషయం ఏంటంటే, 2018 డిసెంబరులో, నేను ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో ఉండగా, మైలవరం దగ్గర తాతయ్య పొలం అమ్మారు. అది నాన్నకీ పెదనాన్నకీ చెరి సగం రావాలి. ఒక రాత్రి డాబా మీద నాన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే విన్నాను. "నా వాటా కూడా నువ్వే తీసుకున్నావు కదా అన్నయ్యా. ఇంక ఆ మాట ఎత్తొద్దు." కిందకి వచ్చేసరికి అమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. నాకు ఇంకేం కావాలి? రెండు వాక్యాలు, ఒక ఏడుపు. కథ మొత్తం రాసేసుకున్నాను. పెదనాన్న తమ్ముడి వాటా మింగేశాడు, నాన్న మెతకవాడు కాబట్టి నోరు మూసుకున్నాడు, అమ్మ లోపల్లోపల కుమిలిపోతోంది. ఇంతకంటే మంచి సీరియల్ కథ ఏముంటుంది!

ఆ రోజు నుంచి పెదనాన్న ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను. పండక్కి వస్తే ఫ్రెండ్స్ దగ్గరికని ఫెర్రీ వైపు వెళ్ళిపోయేవాణ్ణి. 2019 మే నెలలో వాళ్ళ అమ్మాయి, అంటే మా అక్క పెళ్ళి. చిన్నప్పుడు ప్రతి వేసవి సెలవులకీ నన్ను చంకనేసుకుని తిప్పిన అక్క. అప్పుడే ఉద్యోగంలో చేరాను, లీవ్ దొరకలేదని చెప్పాను. లీవ్ అడగనే లేదు. అన్నదమ్ములు చెయ్యాల్సిన పనులకి ఎవర్నో పిలుచుకున్నారట. ఆ పూట నేను రూమ్‌లో పడుకుని, నేను చేసింది ఆత్మగౌరవం అనుకున్నాను.

నానమ్మ అడిగిన రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నాన్నని అడిగాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఒక స్నేహితుడి అప్పుకి నాన్న హామీ సంతకం పెట్టాడు. ఆ మనిషి ఊరొదిలి వెళ్ళిపోయాడు. అప్పు నాన్న మెడకి చుట్టుకుంది. ఇల్లు పోయే పరిస్థితి వచ్చింది. పొలం డబ్బు నాన్న చేతికొస్తే మళ్ళీ ఎవరికైనా ఇచ్చేస్తాడని భయపడి, పెదనాన్న ఆ వాటా తనే తీసుకుని, సరిపోని దానికి తన డబ్బు కలిపి, నేరుగా బ్యాంకులో కట్టేశాడు. "పిల్లాడికి తెలియనివ్వొద్దు, చదువు మీద మనసు ఉండదు" అని అడిగింది నాన్నే. ఆ ఫోన్‌లో పెదనాన్న "నేను కలిపింది తిరిగివ్వక్కర్లేదు" అంటుంటే, సిగ్గుతో నాన్న అన్న మాటలు నేను విన్నవి.

అంటే విన్న రెండు వాక్యాలూ నిజమే. అర్థం ఒక్కటే అబద్ధం. అది నేను రాసుకున్నది. నా కథలో మోనిత కూడా లేదు. నేనే మోనిత, నేనే కార్తీక్.

భరతుణ్ణి ఎంతమంది అనుమానించారు?

ఆ తర్వాత రామాయణంలో అయోధ్యకాండ మళ్ళీ చదివాను. ఈసారి కళ్ళకి వేరేవి కనిపించాయి.

భరతుడి సంగతి చూడండి. జరిగిందేదీ అతనికి తెలియదు. మేనమామ ఇంటి నుంచి వచ్చేసరికి తండ్రి లేడు, అన్న అడవిలో ఉన్నాడు, తల్లి సింహాసనం చూపిస్తోంది. తప్పు చెయ్యలేదు కానీ సాక్ష్యాలన్నీ అతనికి వ్యతిరేకమే. వాల్మీకి వరసగా చూపిస్తాడు. ముందు కౌసల్య, నీకు కావాల్సిన రాజ్యం దొరికిందిగా అన్నట్టు మాట్లాడుతుంది. భరతుడు ఒట్ల మీద ఒట్లు వేసుకుంటాడు. తర్వాత గుహుడు. ఆ తర్వాత భరద్వాజ మహర్షి, అంతటివాడు కూడా, రాముడికి కీడు తలపెట్టలేదు కదా అని అడుగుతాడు. చివరికి చిత్రకూటంలో లక్ష్మణుడు. దూరంగా ధూళి లేస్తుంటే చెట్టెక్కి చూస్తాడు. అయోధ్య సైన్యం. ఇంకేముంది, భరతుడు చంపడానికే వస్తున్నాడు, వాణ్ణి చంపినా పాపం లేదు అంటాడు.

లక్ష్మణుడు చెడ్డవాడా? ప్రేమ వల్లే కదా అలా అన్నాడు. నాకూ నాన్న మీద ప్రేమే. చెట్టు మీంచి సైన్యం కనిపిస్తుంది, సైన్యం ముందు నడిచేవాడి మనసు కనిపించదు. అతను చూసింది నిజం, దానికిచ్చిన అర్థం తప్పు. రాముడు ఒక్కడే, భరతుడు అలాంటివాడు కాదని, చూడటానికే వస్తున్నాడని అంటాడు. రాముడి దగ్గర కొత్త సమాచారమేమీ లేదు. తమ్ముణ్ణి చిన్నప్పటి నుంచీ చూసిన ఎపిసోడ్లు గుర్తున్నాయి, అంతే.

నాకు అందరికంటే నచ్చింది గుహుడు. ఆయన అమాయకంగా నమ్మలేదు. గంగ ఒడ్డున 500 పడవల్లో మనుషుల్ని సిద్ధంగా పెట్టాడు. తేడా వస్తే ఈ సైన్యం గంగ దాటదు అని లెక్క వేసుకున్నాడు. అన్నీ సిద్ధం చేసుకుని, కానుకలు పట్టుకుని భరతుడి దగ్గరికే వెళ్ళి సూటిగా అడిగాడు. ఇంత సైన్యం చూస్తే నాకు అనుమానంగా ఉంది, రాముడి మీద చెడు ఆలోచనతో వెళ్ళడం లేదు కదా, అని. భరతుడు చెప్పాడు. గుహుడు విన్నాడు. విన్నాక అవే పడవల్లో భరతుణ్ణి అవతలి ఒడ్డుకి దాటించారు.

జాగ్రత్త ఉంది, ప్రశ్న ఉంది, వినడం ఉంది. నా దగ్గర ఈ మూడింట్లో ఒక్కటీ లేదు. పెదనాన్న ఉన్న మైలవరం మా ఇంటి నుంచి గంట ప్రయాణం కూడా కాదు.

మరి తప్పుని తప్పు అనకూడదా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇదే మాట నేను చెప్తే అమ్మ నన్ను నిలదీసింది. "అందరికీ ఏదో ఒక కథ ఉంటుందని ఊరుకుంటే దీప లాంటివాళ్ళ గతేంటి? కార్తీక్ మోసపోయాడు సరే, ఆ ఏళ్ళన్నీ పడ్డది ఆవిడ కదా!"

అమ్మ మాట నిజం. ఎవరి మనసులో ఏముందో మనకి తెలియదు అనేది తప్పు చేసినవాడికి గొడుగు కాకూడదు. కార్తీక్‌కి తెలియకపోవడం ఒకటి, తెలుసుకోకపోవడం ఇంకొకటి. మొదటిదానికి మోనిత కారణం. రెండోదానికి ఆయనే. నా విషయంలోనూ అంతే. విన్న మాట వల్ల అనుమానం రావడం సహజం. రెండేళ్ళు అడక్కుండా ఉండటం మాత్రం నా తప్పు. ఎందుకు అడగలేదా అని నన్ను నేను గట్టిగా ప్రశ్నించుకుంటే వచ్చిన జవాబు బాగాలేదు. అడిగితే నా కథ తప్పని తేలుతుందేమో, తేలితే నా కోపం ఏం చేసుకోవాలి? అన్యాయం జరిగిన ఇంటి కొడుకు వేషం నాకు బాగా నచ్చింది.

అన్నీ తెలిసినవాడు ఏం చేశాడో కూడా చూద్దాం. శ్రీకృష్ణుడికి దుర్యోధనుడి మనసులో ఏముందో తెలియదా? అయినా రాయబారానికి వెళ్ళాడు. పాండవులు అయిదూళ్ళతో సరిపెట్టుకుంటామనే దాకా దిగారు. అడిగారు, కాదన్నారు, ఆ తర్వాతే కురుక్షేత్రం. కాబట్టి అడగడం అంటే యుద్ధం మానేయడం కాదు. జవాబు విన్నాక దూరం జరగాల్సి వస్తే జరగండి, పోలీసు కంప్లైంట్ ఇవ్వాల్సి వస్తే ఇవ్వండి. దెబ్బలు తింటున్న మనిషిని 'అవతలివాళ్ళ కోణం' అడిగి రమ్మని నేను చెప్పట్లేదు. అక్కడ ముందు ఆవిడ బయటపడాలి. నేను చెప్పేది మనలాంటి వాళ్ళ రోజువారీ తీర్పుల గురించి. రిప్లై ఇవ్వని ఫ్రెండు, పెళ్ళికి రాని బాబాయి, మీటింగులో ఎదురు మాట్లాడిన టీమ్‌మేట్.

అడగడంలో కూడా తేడా ఉంది. నా డీఎన్‌ఏ టెస్టు వాదనకి నానమ్మ ఒకసారి ఇలా అంది. "టెస్టులో తేలాక నమ్మితే అది ఆ కాయితాన్ని నమ్మినట్టు. దీపని నమ్మినట్టు ఎట్టా అవుతుందిరా?" నేను అప్పుడు నవ్వేశాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆవిడ సీతమ్మ అగ్నిప్రవేశం గురించే మాట్లాడిందని అనిపిస్తుంది. బోనులో నిలబెట్టి అడిగేది విచారణ. పక్కన కూర్చుని "నాకు ఇలా అర్థమైంది, బాధగా ఉంది, నిజమేంటి?" అనడం వేరు. గుహుడు చేతిలో కానుకలతో అడిగాడు. అది గుర్తుపెట్టుకుందాం.

పోయినవాళ్ళని వెనక్కి పిలిచిన ప్రేక్షకులు

ఆ సీరియల్ గురించి ఇంకొక్క మాట చెప్పి ముగిస్తా. 2022లో కార్తీక్, దీప యాక్సిడెంట్‌లో పోయినట్టు చూపించి, హిమ, శౌర్య పెద్దవాళ్ళయిన కథ మొదలుపెట్టారు. జనానికి ఎక్కలేదు. వంటలక్క, డాక్టర్ బాబు లేని సీరియల్ మాకొద్దు అన్నారు. రేటింగులు పడ్డాయి. కొన్ని నెలలకే ఇద్దర్నీ బతికించి తీసుకొచ్చారు. లాజిక్ పార్టీ వాడిగా నేను అప్పుడు తెగ వెక్కిరించాను. నానమ్మ మాత్రం సంతోషంగా ఉంది. "ఇంకా మాట్లాడుకోవాల్సింది ఉండగానే పోతే ఎట్టా?" అంది.

ఆ మాటకి నేను వెక్కిరింత ఆపేశాను. ఎందుకంటే అప్పటికి నేను మైలవరం వెళ్ళొచ్చి ఏడాదిన్నర అవుతోంది. ఆ రోజు దారంతా ఏం చెప్పాలో వరసగా అనుకుంటూ వెళ్ళాను. కొండపల్లి దాటేసరికి సగం మర్చిపోయాను. పెదనాన్న అరుగు మీద పేపర్ చదువుతున్నాడు. నేను మొదలుపెట్టాను. "పెదనాన్నా, నేను మీ గురించి తప్పుగా…" అనేలోపే ఆయన లోపలికి తిరిగి, "ఏమేవ్, వాడొచ్చాడు, అన్నం పెట్టు" అన్నాడు. తినేశాక చెప్పాను. పూర్తిగా చెప్పాను. ఆయన విన్నాడు. "నువ్వు అడిగుంటే చెప్పేవాణ్ణి కాదులే, మీ నాన్నకి మాటిచ్చాను. కానీ నువ్వు అడుగుతావని మాత్రం చూశాను" అన్నాడు.

అక్క అంత తేలిగ్గా వదల్లేదు. ఇప్పుడు మాట్లాడుతుంది, వాళ్ళ పాప నన్ను మావయ్యా అని పిలుస్తుంది. కానీ వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఎవరైనా పెళ్ళి ఆల్బమ్ తీస్తే నేను మెల్లగా లేచి బయటికి వెళ్తాను. అందులో నేను ఉండాల్సిన చోట ఇంకెవరో ఉన్నారు. దాన్ని మళ్ళీ షూట్ చెయ్యడం కుదరదు.

సీరియల్ గురించి వాదించుకోండి. పాత్రల్ని తిట్టండి, రైటర్లని తిట్టండి, కర్ణుడా అర్జునుడా అని తెల్లవార్లూ గొడవపడండి. ధర్మం గురించి మాట్లాడటానికి మనకి దొరికిన అరుగు అది. ఆ పాత్ర వేసిన నటుల్ని మాత్రం ఇంటికెళ్ళి తిట్టకండి, వాళ్ళకి ఆ కథ రాసింది వాళ్ళు కాదు. టీవీ కట్టేశాక ఒక్క పని చేద్దాం. ఈ వారంలో మనకి బాగా కోపం ఉన్న ఒక్క మనిషిని తలుచుకుని, 'నేను చూసినవి ఎన్ని ఎపిసోడ్లు?' అని లెక్కపెట్టుకుందాం. ఒకటో రెండో అయితే, ఒక ఫోన్ చేసి అడుగుదాం.

వచ్చే వీడియోలో ఆ రెండు పక్షుల కథ కొనసాగిద్దాం.

శుభం భూయాత్.